దత్త మండలాల పాఠం: బహుధ్రువ ప్రపంచంలో మైత్రికి కొలబద్ద

వర్ధమాన దేశాలు విదేశీ మైత్రిని ఏ విధంగా నిర్మించుకోవాలి? ఈ ప్రశ్నపై ఇటీవలి సంవత్సరాలలో వెలువడిన రచనలలో ఎస్. జైశంకర్ 2020లో ప్రచురించిన ‘ది ఇండియా వే’ అనే ఆంగ్ల గ్రంథం ప్రముఖమైనది. దౌత్యరంగంలో దశాబ్దాల అనుభవం సంపాదించి, 2019లో విదేశాంగ మంత్రి పదవి చేపట్టిన వ్యక్తి వ్రాసినది కావడంచేత ఆ గ్రంథంలోని భావాలు కేవలం పుస్తకానికే పరిమితమైనవి కావు; దేశ విధానంలో అవి ఆచరణ రూపం దాల్చాయి. కనుక వాటిని శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

గ్రంథకర్త వాదాన్ని సంగ్రహంగా ఇలా చెప్పవచ్చు. ప్రపంచం ఒకే అగ్రరాజ్యం చెప్పుచేతల్లో నడిచే దశ దాటిపోయింది. అమెరికా, చైనా, రష్యా, ఐరోపా, జపాన్ మొదలైన శక్తి కేంద్రాలు పలు ఏర్పడ్డాయి. ఇటువంటి స్థితిలో ఏదో ఒక కూటమిలో చేరి దానికే కట్టుబడడమూ తగదు. అన్ని కూటములకూ దూరంగా తొలగి కూర్చోవడమూ తగదు. ప్రతి శక్తితోనూ అవసరం మేరకు సంబంధం నెరపి, వాటి మధ్య గల వైరుధ్యాలనుంచి స్వదేశానికి లాభం సమకూర్చుకోవాలి. దీనినే బహుపక్ష మైత్రి అనవచ్చు.

ఈ వాదంలో సత్యం లేకపోలేదు. 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో సమావేశమైన 29 ఆసియా, ఆఫ్రికా దేశాలూ, 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమానికి రూపమిచ్చిన దేశాలూ కోరుకున్నది తమ నిర్ణయాలు తామే తీసుకునే స్వేచ్ఛను. అనేక పక్షాలతో మాటామంతీ నిలుపుకోవడం ఆపదలో అక్కరకు వస్తుందనడానికి 1990 తార్కాణం. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు, బాగ్దాద్‌తో భారతదేశానికి సంబంధాలు తెగిపోలేదు. కాబట్టే అక్కడ చిక్కుకున్న లక్షకు పైగా భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, విమానాలలో స్వదేశానికి రాగలిగారు. వారిలో రాయలసీమ కూలీలూ ఉన్నారు. ఈ మేలును తక్కువచేసి చూపడం న్యాయం కాదు.

అయితే గ్రంథకర్త తన వాదానికి ఎన్నుకున్న చారిత్రక ఉదాహరణ వద్దనే చిక్కు ఏర్పడుతున్నది. గ్రంథం తొలి ప్రకరణం అవధ్ పాఠంతో మొదలవుతుంది. సత్యజిత్ రాయ్ చలనచిత్రంలో ఇద్దరు అవధ్ ప్రభువులు చదరంగంలో మునిగి ఉండగా కంపెనీ వారు రాజ్యాన్ని హస్తగతం చేసుకుంటారు. చుట్టూ జరిగే మార్పులను గమనించక ఏమరపాటుగా ఉన్న జాతి నష్టపోతుందన్నది ఆ దృశ్యంనుంచి గ్రహించిన నీతి. నీతి మంచిదే. కాని దక్కను చరిత్ర మరొక పాఠం చెబుతున్నది. అక్కడి పాలకులు ఏమరపాటుగా లేరు. పగలూ రాత్రీ దౌత్యం నెరపుతూనే ఉన్నారు. అయినా నష్టపోయారు. ఎందుచేత?

అప్పు తీరక పోయిన భూమి

పద్ధెనిమిదవ శతాబ్దపు దక్కను నిజమైన బహుధ్రువ రంగం. హైదరాబాదు నిజాం, పూనా పేష్వా, మైసూరు సుల్తాను, ఇంగ్లీషు కంపెనీ, ఫ్రెంచివారు—వీరిలో ఏ ఒక్కరూ మిగిలినవారందరినీ అణచగల స్థితిలో లేరు. నిజాం అలీ ఖాన్ ఈ స్థితిని బాగా ఎరిగిన పాలకుడు. 1766లోనూ 1768లోనూ ఇంగ్లీషువారితో ఒప్పందాలు చేసుకున్నాడు. ఒకప్పుడు మైసూరుతో కలిశాడు. మరొకప్పుడు మైసూరుపై మరాఠాలతోనూ ఇంగ్లీషువారితోనూ కలిశాడు. 1792 శ్రీరంగపట్నం సంధి వల్ల కడప ప్రాంతం మైసూరు చేతినుంచి ఆయనకు దక్కింది. 1795లో ఖర్డా వద్ద మరాఠాలు తనను ఓడించినప్పుడు ఇంగ్లీషువారు తటస్థంగా చూస్తూ ఊరుకోగా, ఫ్రెంచి సేనాని రేమండ్ శిక్షణలో ఉన్న దళాన్ని మరింత పెంచుకున్నాడు. నేటి పరిభాషలో చెప్పాలంటే, బహుపక్ష మైత్రిలో ఆయన ఆరితేరినవాడే.

కాని ఆ సేన ఎవరిది? శిక్షణ ఫ్రెంచివారిది, లేదంటే ఇంగ్లీషువారిది. నిజాం సొంత నైపుణ్యం మీద నిలిచిన సేన అది కాదు. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న వెల్లస్లీ కుదిర్చిన సంధి ప్రకారం ఫ్రెంచి దళాన్ని రద్దు చేసి, ఇంగ్లీషు సైన్యాన్ని హైదరాబాదు ఖర్చుతో పోషించడానికి నిజాం అంగీకరించాడు. ఆ ఖర్చు ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు. రెండేళ్లు గడిచేసరికి ఆ బాధ్యతకు బదులుగా భూమి ఇవ్వవలసి వచ్చింది. 1800 అక్టోబరు 12న జరిగిన సంధిలో, 1792లోనూ 1799లోనూ మైసూరునుంచి దక్కిన ప్రాంతాలను ఆయన కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్త మండలాలు. థామస్ మన్రో అక్కడ 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకునే వరకు ఆ ప్రాంతం పేరులోనే ఒక మైత్రికి చెల్లించిన వెల దాగి ఉంది. మొదట మిగిలిపోయిన కర్నూలు నవాబు రాజ్యాన్ని సైతం 1839లో కంపెనీ వారు కలుపుకున్నారు.

టిప్పు సుల్తాన్ ఇంకా దూరం చూశాడు. ఆయన రాయబారులు 1787లో ఇస్తాంబుల్ చేరి ఉస్మానియా సుల్తాన్‌ను కలిశారు. 1788లో మరొక రాయబార వర్గం ఫ్రాన్సు రాజును దర్శించి సైనిక సహాయంతోపాటు చేతిపనివారినీ కోరింది. పరాయి సేన కంటె పరాయి నైపుణ్యం విలువైనదని ఆయన గ్రహించాడు. ఈ విషయంలో ఆయన నిజాం కంటె దూరదృష్టి గలవాడనడంలో సందేహం లేదు. అయినప్పటికీ 1798లో నెపోలియన్ ఈజిప్టుపై దండెత్తగానే సమీకరణలన్నీ తారుమారైనాయి. ఫ్రెంచివారు ఉస్మానియాలకు శత్రువులయ్యారు, ఇంగ్లీషువారు మిత్రులయ్యారు. ఖలీఫాగా ముస్లిం లోకం గౌరవించిన సుల్తాన్ సలీం, ఫ్రెంచివారి స్నేహం విడనాడమని టిప్పుకు లేఖ వ్రాశాడు. ఆ లేఖ చేరవేసినవారు ఇంగ్లీషువారే. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది.

ఈ ఘట్టాన్ని ముస్లిం పాఠకులు ప్రత్యేకించి గమనించాలి. సహధర్మీయత హృదయాలను దగ్గర చేయవచ్చు. కాని రాజ్యాలు తమ సరిహద్దుల అవసరాలను బట్టే నడుచుకుంటాయి. కువైటు, సౌదీ అరేబియా వంటి దేశాలతో సంబంధాలు చర్చకు వచ్చినప్పుడు, ఉభయులదీ ఒకే ధర్మం గనుక మన కూలీకి న్యాయం తనంతట జరుగుతుందని అనుకునేవారు ఈనాటికీ కొందరున్నారు. ఆ భ్రమకు దక్కను చరిత్ర రెండు శతాబ్దాల క్రితమే జవాబు చెప్పింది.

ఒప్పందాన్ని కొలిచే విధం

మైత్రిని దేనితో కొలవాలి? ఇస్లామీయ విద్యలలో అంతర్జాతీయ సంబంధాలకు ‘సియర్’ అనే ప్రత్యేక శాఖ ఉంది. ఇమాం అబూహనీఫా శిష్యుడైన ముహమ్మద్ అష్షైబానీ, హిజ్రీ రెండవ శతాబ్దంలోనే ఈ విషయంపై గ్రంథరచన చేశారు. సంధి షరతులు, వాటిని పాలించే బాధ్యత, పరాయి దేశపు వర్తకునికి ఇచ్చే అభయం వంటివి అందులో విచారణకు వచ్చాయి. అంతకుముందే, ప్రవక్త పదవికి పూర్వం మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుజూల్ అనే ఒడంబడిక అందరూ ఎరిగినదే. యెమెన్‌నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకడు వెల చెల్లించలేదు. ఆ వర్తకునికి ఊళ్లో బంధువులు గాని, అండ గాని లేరు. అప్పుడు కొందరు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా అతని హక్కు ఇప్పిస్తామని ప్రతిన పూనారు. యువకుడైన ముహమ్మద్ (సఅసం) అందులో పాల్గొన్నారు. తర్వాతి కాలంలో కూడా ఆ ఒడంబడికను మెచ్చుకున్నారు.

ఈ ఒడంబడికలో ఎంతమంది పెద్దలు చేతులు కలిపారన్నది ముఖ్యం కాదు. దూరంనుంచి వచ్చిన బలహీనునికి సరుకు వెల అందిందా లేదా అన్నదే ముఖ్యం. ఏ దేశపు మైత్రికైనా ఈ కొలబద్ద సరిపోతుంది. శిఖరాగ్ర సమావేశాలలో ఎన్ని ఛాయాచిత్రాలు తీశారన్న దానితో నిమిత్తం లేదు. దత్త మండలాలలో భాగమైన ఒక ఊరికి ఈ కొలబద్దను వర్తింపజేసి చూస్తే, బహుధ్రువ సిద్ధాంతపు బలాబలాలు స్పష్టమవుతాయి.

మంగంపేట రాయి

పూర్వపు కడప జిల్లాలో రైల్వే కోడూరుకు సమీపాన, ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట ఉంది. అక్కడి నేలలో ఉన్నది ముగ్గురాయి. వ్యాపార పరిభాషలో బెరైటీస్. ఒకేచోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాలలో మంగంపేటది ప్రపంచంలోకెల్లా పెద్దదని ప్రసిద్ధి; దాని పరిమాణం సుమారు 7 కోట్ల టన్నులని అంచనా. భారతదేశపు ఉత్పత్తిలో అత్యధిక భాగం ఈ ఒక్క చోటినుంచే వస్తుంది. 1961లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ గని నడుపుతున్నది. చుట్టుపక్కల మిల్లులు ఆ రాయిని పిండి చేస్తాయి.

ఈ రాయికి గిరాకీ దాని బరువు వల్ల వచ్చింది. చమురు బావి త్రవ్వేటప్పుడు లోపలినుంచి చమురు, వాయువు ఒత్తిడితో ఎగదన్నకుండా బరువైన బురదను బావిలోకి పంపుతారు. ఆ బురదకు బరువునిచ్చేది ముగ్గురాయి పిండి. స్వచ్ఛమైన రాయి నీటికంటె నాలుగున్నర రెట్లు బరువు. కాబట్టి కువైటులోనో, సౌదీ అరేబియాలోనో, అమెరికాలోనో బావి త్రవ్వే చోట మంగంపేట పిండి అవసరం పడుతుంది. అమెరికా ప్రభుత్వం 2018లోనూ 2022లోనూ ప్రకటించిన కీలక ఖనిజాల జాబితాలలో దీనిని చేర్చింది. ఐరోపా సమాజం 2017నుంచి చేర్చింది. ఇక్కడ మాత్రం 2015లో దీనిని చిన్నతరహా ఖనిజాల పట్టీలో వేశారు. తిరిగి ప్రధాన ఖనిజంగా గుర్తించినది 2025లోనే. పరాయివారు కీలకమని లెక్కించిన వస్తువును సొంతదారు పదేళ్లపాటు చిన్నదిగా జమకట్టాడు.

బహుధ్రువ వాదం ప్రకారం మంగంపేట స్థితి బలమైనదే కావాలి. కొనేవారు పలువురు, వారు పరస్పరం పోటీదారులు, ఇంత పెద్ద నిక్షేపం మరొకచోట లేదు. కాని నిజస్థితి వేరు. కొనే దేశాలు పలు అయినా, అన్నిటి అవసరమూ ఒక్కటే—చమురు బావి. 2014 తర్వాత చమురు ధర పడిపోయినప్పుడూ, 2020లో మహమ్మారి వచ్చినప్పుడూ బావుల త్రవ్వకం ప్రపంచమంతటా ఒకేసారి తగ్గింది. ముగ్గురాయి గిరాకీ కూడా దానితోపాటే పడింది. అప్పుడు ఒక ధ్రువాన్ని విడిచి మరో ధ్రువాన్ని ఆశ్రయించే వీలు లేకపోయింది. పైగా, ఏ పిండి పనికివస్తుందో, ఏది రాదో తేల్చే ప్రమాణం అమెరికా పెట్రోలియం సంస్థ నిర్ణయించినది. ఆ సంస్థ మొదట 4.20 సాంద్రత ఉండాలన్నది, 2010లో 4.10 సాంద్రత గల రకాన్ని కూడా అంగీకరించింది. అంతటితో, అంతవరకు తక్కువరకంగా ఉన్న రాయికి కూడా మార్కెట్టు ఏర్పడింది. మంగంపేట రాయి మారలేదు. దూరదేశంలో ఒక కాగితం మారింది.

ముగ్గురాయిని బొగ్గుతో కలిపి అధిక ఉష్ణంలో కాల్చి బేరియం సల్ఫైడునూ, దానినుంచి కార్బొనేటు వంటి ఇతర రసాయనాలనూ తీయవచ్చు. గాజు, రంగుల పరిశ్రమలకు అవి అవసరం. ఆ దారిలో పోయేకొద్దీ అమ్మేవాని మాటకు బలం పెరుగుతుంది. పిండిగా అమ్మినంతకాలం, పది దేశాలకు అమ్మినా అమ్మినది పిండే.

ఇండొనీషియా అనుభవాన్ని ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ఆ దేశం 2020 జనవరినుంచి నికెల్ ముడిఖనిజం ఎగుమతిని నిషేధించి, కరిగించే కర్మాగారాలు తన గడ్డమీదనే పెట్టాలన్నది. ఐరోపా సమాజం ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేయగా 2022లో తీర్పు ఇండొనీషియాకు వ్యతిరేకంగా వచ్చింది. అయినా కర్మాగారాలు వచ్చాయి. ఎగుమతుల విలువ పెరిగింది. కాని వాటిలో అధికభాగం చైనా కంపెనీల ఆధీనంలో ఉన్నవి. ముడి సరుకు ఆపడం తొలి మెట్టు మాత్రమే. కర్మాగారం ఎవరిది, నైపుణ్యం ఎవరిది అనే ప్రశ్నలు అలాగే మిగిలి ఉంటాయి. నిజాం ఎదుర్కొన్న ప్రశ్న కూడా అదే.

రాయి వెంట మనుషులు

కోడూరు, రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి కువైటు వెళ్లేది ముగ్గురాయి ఒక్కటే కాదు, మనుషులు కూడా. డ్రైవర్లుగా, ఇంటి పనివారుగా, కట్టడాల కూలీలుగా తరతరాలుగా వెళుతున్నారు. వర్షం లేని నేల, నీరందని బావి వారిని సముద్రం దాటించాయి. కడప జిల్లాలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఆ సంపాదనతోనే ఇళ్లు కట్టుకున్నాయి, పిల్లల పెళ్లిళ్లు చేశాయి. అయితే అక్కడి కఫాలా పద్ధతిలో కూలీ నివాసపు హక్కు యజమాని చేతిలో ఉంటుంది.

కనీస వేతనం పరాయి దేశంతో బేరమాడవలసిన విషయం. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వమే గల్ఫు దేశాలకు వెళ్లే కూలీల సిఫారసు వేతనాలను తగ్గించింది. ఇతర దేశాల కూలీలతో పోటీలో మనవారికి పనులు దక్కాలన్నది చెప్పిన కారణం. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడిన తర్వాత 2021లో ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు. అమ్మేవాడే ముందుగా వెల తగ్గించుకుంటే, కొనేవారు ఎందరున్నా బేరం ఎక్కడ? ఫిలిప్పీన్స్ వేరొక దారి పట్టింది. 2018లో తమ పనివారిపై దౌర్జన్యాలు బయటపడగా కువైటుకు పంపడం ఆపివేసి, ఆ సంవత్సరం మే నెలలో పాస్‌పోర్టు పనివారి చేతిలోనే ఉండాలన్న షరతుతో ఒప్పందం సాధించింది. 2023లో వివాదం తిరిగి లేచి, కువైటు ఫిలిప్పీన్స్ వారికి వీసాలు ఆపివేసింది. 2024లో మళ్లీ తెరిచింది. ఆ దారిలో కష్టమున్నది. కాని ఒప్పందంలో పనివారి మాట చోటు సంపాదించుకున్నది.

2024 జూన్ 12న కువైటులోని మంగఫ్‌లో కూలీల వసతి భవనం తగులబడి నలభై మందికి పైగా భారతీయులు మరణించారు. అదే సంవత్సరం డిసెంబరులో భారత ప్రధాని కువైటు పర్యటించారు. 43 ఏళ్లలో భారత ప్రధాని చేసిన తొలి పర్యటన అది. ఉభయ దేశాల సంబంధాన్ని వ్యూహాత్మక భాగస్వామ్యంగా ప్రకటించారు. ఆ ప్రకటనను స్వాగతించవలసిందే. దాని ఫలితాన్ని మాత్రం వసతి గదిలో ఎందరు పడుకుంటున్నారు, పాస్‌పోర్టు ఎవరి పెట్టెలో ఉంది అన్న లెక్కతోనే తేల్చుకోవాలి.

గ్రంథం విడిచిన ప్రశ్న

‘ది ఇండియా వే’ దృష్టి ప్రధానంగా రాజధానుల మధ్య సాగే ఎత్తుగడలపై నిలిచింది. అందుచేత అందులో ఎత్తు వేసే చేయి కనిపించినంత స్పష్టంగా, ఆ చేతికి బలమిచ్చే గని, మిల్లు, కూలి కనిపించవు. నిజానికి అలీనోద్యమ నాయకులు ఈ లోపాన్ని కొంతవరకు గుర్తించారు. 1960 సెప్టెంబరులో ఇరాన్, ఇరాక్, కువైటు, సౌదీ అరేబియా, వెనెజువెలా దేశాలు బాగ్దాద్‌లో చమురు ఎగుమతి దేశాల సంస్థను స్థాపించుకుని, ధర నిర్ణయంలో తమకూ చోటుండాలన్నాయి. 1974 మేలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ నూతన అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థకై తీర్మానించి ముడిసరుకుల న్యాయమైన ధరను ప్రధానాంశంగా పెట్టింది. ఆ తీర్మానం చాలావరకు కాగితానికే పరిమితమైంది. చమురు దేశాలు తమ ధర తాము సాధించుకున్నాయి. చమురు లేని వర్ధమాన దేశాలు ఆ ధర చెల్లించుకున్నాయి. 2024, 2025 సంవత్సరాలలో బ్రిక్స్ కూటమిలో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, ఎమిరేట్స్, ఇండొనీషియా చేరినప్పుడు మళ్లీ గొప్ప ఆశలు వెల్లివిరిశాయి. సభ్యుల సంఖ్య పెరిగినంత మాత్రాన ఆ పాత ప్రశ్న తీరిపోదు.

2025 ఆగస్టులో ఈ ప్రశ్న స్వయంగా భారతదేశం ముంగిట నిలిచింది. రష్యా చమురు కొంటున్నదన్న కారణం చూపి అమెరికా భారత సరుకులపై అదనంగా 25 శాతం సుంకం విధించింది. ఇద్దరితోనూ మైత్రి ఉన్నప్పటికీ, ఒక మైత్రికి వెల మరొకరి వద్ద కట్టవలసి వచ్చింది. ఆనాడు దెబ్బ మొదట తగిలినది సరుకు తయారుచేసి ఎగుమతి చేసే ఊళ్లకే.

పలు ధ్రువాలుంటే బేరమాడే అవకాశం కలుగుతుంది. ఇంతవరకు గ్రంథకర్త చెప్పినది సత్యం. కాని బేరమాడే శక్తిని ఏ ధ్రువమూ అరువివ్వదు. అరువిచ్చినప్పుడు దానికి ప్రతిగా ఏమి అడుగుతుందో 1800 సంవత్సరంలోనే కడప చూసింది. అవధ్ ప్రభువులు ఆడిన చదరంగం కథ ఎంత ప్రసిద్ధమైనా, రాయలసీమ పాఠకునికి అంతకంటె దగ్గరి పాఠం నిజాం దస్తావేజులో ఉంది. ఆటలో ఏమరపాటు లేకున్నా, పావులు పరాయివారివైతే పణంగా పోయేది సొంత నేలే.

విదేశీ ఒప్పందం ఏది వెలువడినా విశ్లేషకులు వేయవలసిన ప్రశ్నలు మూడు: దానివల్ల గనివద్ద ఏ పరిశ్రమ నిలిచింది? ప్రమాణాలు నిర్ణయించే చోట మనవారికి స్థానం దొరికిందా? సముద్రం దాటిన కూలీకి ఏ హక్కు వ్రాతపూర్వకంగా లభించింది? వీటికి జవాబు చెప్పగల మైత్రి ఏ ధ్రువంతో కుదిరినా మేలే. చెప్పలేనిది ఎన్ని ధ్రువాలతో కుదిరినా, మంగంపేటలో ముగ్గురాయి తీసిన చోట మిగిలేది గొయ్యి మాత్రమే.